మూడు పిన్నీసులు

బల్లార్షా టేషన్ వెనక సందుల
శింపీ మాస్టరు దుకాణంల నాది కిందిపీట.
ఆయన కత్తిరిస్తడు, మిషను కుడుతది,
కాజాలు మాత్రం నా చేతివి.
ముప్పై ఏండ్లు బొక్కలకు అంచు కట్టినదాన్ని.

మిల్లు గేటుకు తాళంబడ్డ యేడు
ఓదెలు వచ్చిండు.
ఒంటి మీద వాళ్ల నాయిన ఖాకీ అంగీ.
జేబు మీద కంపెనీ గుర్తుండేది గదా,
ఆ గుర్తును జేబుతో సహా కోసి వార్ధా నదిల పారేసిండట.
ఎడమ రొమ్ము కాడ అరచెయ్యంత ఖాళీ,
చిరుగు పెద్దది గాకుండ మూడు పిన్నీసులు.
మా దిక్కు బొక్కంటే రంధ్రం, బొక్కంటే ఎముక.
ఆ పొద్దు రెండూ ఒక్క కాడ చూసిన.

"ఇటియ్యి, అతుకేస్త."
"అతుకొద్దు లసుమక్కా, అందరు చూడాలె."

చూసిర్రు.
చౌరస్తాల చూసి నవ్విర్రు.
వాళ్లమ్మ మైసవ్వ కొంగు కప్పవోతే
చెయ్యి పక్కకు జరిపిండు.
ఠాణాల జమాదారు ఆ ఖాళీల రెండు వేళ్లు పెట్టి
ఇంకింత చింపి పంపిండు.
తెల్లారి నాలుగో పిన్నీసు.

వారం తిరిగేసరికి పదకొండుగురు.
దీపావళికి గేటు ముంగట లెక్కవెట్టలేకపోయిన.
ఒకడు కత్తెరతోని, ఒకడు పండ్లతోని,
ఒకడు బీడీ నిప్పుతోని కాల్చుకున్నడు.
ఏ రెండు చిరుగులూ ఒక్క తీరు లేకుండె.

ఎప్పుడు మారిందో తారీఖు నాకు తెల్వది.
కిరాణం సేటు కొడుకు,
తాతల నాటి నుంచి ఏ గేటు ముంగటా నిలవడనోడు,
మడత విప్పని అంగీ ముంగటేసి
"ఓదెలు లెక్క కొయ్యి" అన్నడు.
మాస్టరు చెయ్యి ఆగింది.
ఆగి, సుద్దముక్క అందుకుంది.

బోర్డు లేచింది: గుండె కట్, నలభై రూపాయలు.
గణపతి నవరాత్రులకు తెల్లందాక కోసినం.
ఉతికినా చెదరకుండ, పోగు ఊడకుండ
ఆకలి చిరుగుకు అంచు కట్టింది నేనే.
కోసిన ముక్కలు సంచి నిండితే
మనుమరాలికి బొంత కుట్టిన.

ఆ మీద నాగపూర్ నుంచి కట్టలు దిగినయి.
పిన్నీసులు బంగారు రంగు,
తెరుసుకోవు, గుచ్చుకోవు.
బొక్క కింద గోధుమరంగు జాలిగుడ్డ,
అదే తోలనుకోవాలె.
మా బోర్డు ఎండకు వెలిసింది.

మిల్లు తెరిసిర్రు. పేరు మారింది.
తెరిసిన నాడు అందరికి టీషర్టులు పంచిర్రు.
ఎడమ రొమ్ము కాడ గుండ్రటి బొక్క,
బొక్కలకెల్లి తొంగి చూస్తూ
ఆకుపచ్చగ, కొత్త కంపెనీ గుర్తు.
నేనైతే తిప్పి కుట్టు చూసిన.
కుట్టు మంచిగుంది. చెప్పక తప్పది.

మొన్న చలికాలం ఓదెలు వచ్చిండు,
చెవుల కాడ తెల్లవడ్డది.
సంచిలకెల్లి అదే ఖాకీ అంగీ తీసిండు.
"జేబు పెట్టక్కా, గోళీల చీటి పెట్టుకోవాలె."
నేను వాని మొఖం చూసిన.
"టేషన్ల పోరగాండ్లు నవ్వుతున్నరు.
ఇంకా పాత ఫ్యాషనేంది కాకా,
ఎవల్ని చూసి కోపిచ్చుకున్నవ్ అంటున్నరు."

ఇద్దరం నవ్వినం.
వాడు ముందు ఆపిండు.

ఇంటికి పోయి బొంత మూలకు
ఒక ఖాకీ ముక్క కుట్టు విప్పుకొచ్చిన.
ఎవని గుండె మీదిదో. రంగు కలువలే.
అయినా జేబయింది.
కొడితే నలభై, పూడిస్తే పది;
ఆ పది గూడ తీసుకోలే.

పిన్నీసులు నా దగ్గర్నే విడిసి పోయిండు.
రెండు తుప్పుకు విరిగినయి.
మూడోది నా చెప్పు పట్టకు పెట్టుకున్న.
నడుస్తుంటే అప్పుడప్పుడు
గుచ్చుకుంటది.